పొడవాటి మాటను ఎక్కడ విరవాలి? – డచ్చి సమాసాలు నేర్పిన పాఠం



ఈనాటి నా ప్రసంగ విషయం ఆహ్వానపత్రికలో చూసి మీలో కొందరు ఆశ్చర్యపడి ఉంటారు. తెలుగువారి సభలో డచ్చిభాష ఎందుకు, అందులోనూ పొడవాటి సమాసపదాలను అక్షరాలుగా విరవడం, వాటిలో ఊనిక ఎక్కడ పడుతుందో గమనించడం వంటి వ్యాకరణ విషయం ఒక న్యాయవాదికి ఎందుకు అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానంగా నేను చేసిన ఒక తప్పును మీ ముందు ఒప్పుకొంటాను. కోర్టులో కక్షిదారు తప్పు ఒప్పుకొంటే న్యాయవాది కంగారుపడతాడు. ఇక్కడ తప్పు న్యాయవాదిదే కనుక కంగారుపడవలసిన వారెవరూ లేరు.

ఇది 2007 నాటి మాట. నల్లకోటు వేసుకొని అప్పటికి రెండేళ్ళు. ఒకనాటి సాయంత్రం మా ఊరి పెద్దాయన ఒకరు నా గదికి వచ్చి, చేతిసంచిలోనుండి నాలుగు కాగితాల నకలు తీసి బల్లమీద పెట్టారు. వారి అబ్బాయి నెదర్లాండ్స్‌లో ఒక గిడ్డంగిలో పనిచేస్తూ వెన్నెముకకు దెబ్బతగిలి మంచాన పడ్డాడు. పని చేయలేని స్థితికి ఇచ్చే భృతికోసం దరఖాస్తు పెట్టుకొంటే కాదన్నారు. ఆక్షేపణ తెలిపితే దానినీ తోసిపుచ్చారు. ఆ తోసిపుచ్చిన ఉత్తరమే అది. అబ్బాయి శస్త్రచికిత్స అయి ఆసుపత్రిలో ఉన్నాడు. కోడలు కొత్తగా వెళ్ళిన పిల్ల, ఆ భాష రాదు. "లాయరు నువ్వున్నావు కదా, ఏముందప్పా దాంట్లో?" అన్నారు పెద్దాయన.

నాకూ ఆ భాష రాదు. రాదని చెప్పి ఉంటే సరిపోయేది. ఇంగ్లీషు తెలిసినవాడికి డచ్చి సగం తెలిసినట్టే అని ఎవరో అనగా విన్న ధైర్యంతో ఒక చిన్న నిఘంటువు తెచ్చుకొని కూర్చున్నాను. ఉత్తరం చివరి పేరాలో ఒక మాట రెండుసార్లు వచ్చింది. తెలుగు లిపిలో రాసుకొంటే అది 'బెరూప్స్టెర్మెయ్న్' అయింది. నిఘంటువులో ఆ మాట మొత్తంగా లేదు. ఉండదని తరువాత తెలిసింది. డచ్చివారు సమాసాలను మన పూలదండలాగా అప్పటికప్పుడు అల్లుకొంటారు. అల్లిన ప్రతి దండనూ ఏ నిఘంటువూ ఎక్కించుకోలేదు. కనుక మాటను విరవాలి. నేను విరిచాను. 'బెరూప్' అన్నది దొరికింది: వృత్తి, ఉద్యోగం అని అర్థం ఉంది. మిగిలినది 'స్టెర్మెయ్న్'. అది లేదు. 'స్టెర్' అంటే నక్షత్రం, 'మెయ్న్' అంటే గని, లేదా నాది. ఉద్యోగ నక్షత్రపు గని! కొంత పెనుగులాడిన తరువాత 'టెర్మెయ్న్' అన్న మాట కనబడింది. కాలపరిమితి అని అర్థం. అమ్మయ్య అనుకొని, "ఇది ఉద్యోగ కాలపరిమితి గురించి. తొందరపడవలసినదేమీ లేదు" అని పెద్దాయనకు చెప్పి పంపాను.

అయితే ఆ మాట నన్ను వదలలేదు. తోసిపుచ్చిన ఉత్తరంలో ఉద్యోగ కాలపరిమితి ప్రస్తావన ఎందుకు వస్తుంది? పన్నెండు రోజులు గడిచాక కోడలుపిల్లకు ఫోను చేసి, ఆ ఊళ్ళో కొత్తగా వచ్చినవారికి భాష నేర్పే ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఉన్నారని తెలుసుకొని ఆమెతో మాట్లాడాను. నేను ఆ మాట చదవగానే ఆమె రెండు క్షణాలు మౌనంగా ఉన్నారు. తరువాత, "అలా కాదు, నాతోపాటు చప్పట్లు కొట్టండి" అన్నారు. అక్కడి పిల్లలకు బడిలో అక్షరవిభజన నేర్పేది చప్పట్లతోనే. బె-రూప్స్-టెర్-మెయ్న్. నాలుగు చప్పట్లు. రెండవది గట్టిగా.

ఆ ఫోనులో తెలిసినదేమంటే, 'బెరూప్' అనే మాటకు రెండర్థాలు ఉన్నాయి. ఒకటి వృత్తి, రెండవది న్యాయస్థానానికి చేసుకొనే అప్పీలు. వృత్తివల్ల వచ్చే జబ్బును 'బెరూప్స్‌జీక్టె' అంటారు, అక్కడ మొదటి అర్థం. 'బెరూప్స్‌టెర్మెయ్న్'లో రెండవ అర్థం. అది అప్పీలు గడువు! ఆ దేశపు పరిపాలనా చట్టం ప్రకారం సాధారణంగా ఆరు వారాలు, అంటే 42 రోజులు. ఉత్తరం నా చేతికి రావడానికే 14 రోజులు పట్టింది. నా పాండిత్యానికి 12 రోజులు పోయాయి. మిగిలినవి 16 రోజులు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. గడువు దాటిన అప్పీలు ఎంత న్యాయమైనదైనా తలుపు బయటే నిలబడుతుంది. ఏ దేశంలోనైనా ఇది న్యాయవాది మొదట నేర్చుకొనే పాఠం. నేను చట్టం తెలియక కాదు, ఒక మాటను ఎక్కడ విరవాలో తెలియక ఒక కుటుంబాన్ని ఆ తలుపు బయట నిలబెట్టబోయాను. అప్పటినుండి ఈ విషయాన్ని తీరిక దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాను. అందులో మీకు ఉపయోగపడగలదని తోచినంత మేరకు ఇక్కడ విన్నవిస్తాను.

మొదట నేను తప్పు ఎక్కడ చేశానో చూద్దాం. 'బెరూప్స్టెర్మెయ్న్' అని తెలుగు లిపిలో రాయడంలోనే తప్పు మొదలైంది. మన లిపిలో అచ్చుకు ముందున్న హల్లులన్నీ ఆ అచ్చు చుట్టూ చేరి ఒక గుంపు అవుతాయి. ప, స, ట మూడూ కలిసి 'ప్స్టె' అనే ఒకే సంయుక్తాక్షరమైపోయాయి. రెండు పదాల మధ్యనున్న గోడ ఆ వత్తుల కింద పూడిపోయింది. నిజానికి ఉచ్చారణలో ప, స రెండూ ముందరి అక్షరానివి, ట మాత్రమే తరువాతి అక్షరానిది.

ఈ విషయం మన పూర్వులకు తెలియనిది కాదు. 'కన్న' అన్న మాటను రాసేటప్పుడు 'క', 'న్న' అని రెండు ముక్కలుగా రాస్తాం. పలికేటప్పుడు 'కన్', 'న' అని పలుకుతాం. అందుకే ఛందస్సులో సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అన్నారు. లిపి దాచిపెట్టినదానిని ఛందస్సు బయటపెట్టింది. పద్యానికి గణవిభజన చేయగలిగిన పిల్లవాడికి డచ్చి అక్షరవిభజన సగం వచ్చినట్టే. అచ్చులో అక్కడి నియమం కూడా ఇటువంటిదే. రెండు అచ్చుల నడుమ ఒకే హల్లు ఉంటే అది తరువాతి అక్షరానికి పోతుంది. రెండు హల్లులు ఉంటే మామూలుగా చెరొకటి పంచుకొంటాయి. 'బో-మెన్' అంటే చెట్లు, 'బొమ్-మెన్' అంటే బాంబులు. మనకు 'మ్మ' అన్నప్పుడు రెండు మకారాలూ నిజంగా వినిపిస్తాయి. వారికి అక్కడ ఒక్క మకారమే వినిపిస్తుంది. రాతలో దానిని రెండింతలు చేయడం ముందున్న ఒకారం హ్రస్వమని చెప్పడానికే.

అయితే సమాసం దగ్గరకు వచ్చేసరికి ఈ నియమాలన్నిటికంటే పెద్ద నియమం ఒకటి ఉంది. ముందు పదాల మధ్యనున్న గోడ దగ్గర విరవాలి, ఆ తరువాతనే ప్రతి పదాన్నీ అక్షరాలుగా విరవాలి. సాయంకాలపు భోజనాన్ని 'ఆవొంట్‌ఏటెన్' అంటారు. హల్లును తరువాతి అచ్చుకు అంటగట్టే మొదటి నియమం ఇక్కడ చెల్లదు. సాయంకాలం ఒక పదం, భోజనం ఒక పదం. గోడ వాటి నడుమనే.

గోడ ఎక్కడుందో తెలియకపోతే ఏమవుతుందో చూడండి. 'క్వార్ట్స్లాఖెన్' అనే మాట ఉంది. 'క్వార్ట్' దగ్గర విరిస్తే పావు తిప్పులు, అంటే మర వంటిదానిని పావుచుట్టు తిప్పడం. 'క్వార్ట్స్' దగ్గర విరిస్తే క్వార్ట్జ్ రాతి పొరలు. రాతలో ఒక్క వర్ణం కూడా మారదు. 'బొమ్మెల్డింగ్' అనే మాటను 'బొమ్', 'మెల్డింగ్' అని విరిస్తే బాంబు ఉన్నదన్న సమాచారం. 'బొమ్మెల్', 'డింగ్' అని విరిస్తే బొమ్మెల్ గారి వస్తువు. మార్టెన్ టోండెర్ గీసిన బొమ్మల కథల్లో బొమ్మెల్ ఒక ఎలుగుబంటి పేరు. పోలీసు ఠాణాలో ఈ మాటను ఎలా విరుస్తారన్నది నవ్వులాట కాదు. 'కెర్స్టొమాట్యెస్' అన్నది ఒక విరుపులో చెర్రీపండంతటి చిన్న టమాటాలు, మరొక విరుపులో క్రిస్మసు నాటి అమ్మమ్మలు.

ఇది వారి వింత అనుకోకండి. 'మావిడాకులు' అన్న మాట నా వృత్తిలో ఉన్నవారు ఎవరు పలికినా నవ్వు పుడుతుంది. పండుగనాడు గుమ్మానికి కట్టేవీ అవే, కుటుంబ న్యాయస్థానంలో మేము దాఖలు చేసేవీ అవే. 'మావిడి' దగ్గర గోడ ఉంటే శుభం, 'మా' దగ్గర గోడ ఉంటే వివాదం. 'రాకుమారి' అని ఆదరంగా పిలిచామనుకొంటే, 'రాకు, మారీ' అని వినేవారు కూడా ఉండవచ్చు. సంధి చేసే ప్రతి భాషకూ ఈ చిక్కు ఉన్నదే.

ఇక నేను వెతికిన 'స్టెర్మెయ్న్'లోని సకారం సంగతి. అది 'బెరూప్'దీ కాదు, 'టెర్మెయ్న్'దీ కాదు. రెండు పదాలను అతికించడానికి మధ్యలో వచ్చి చేరిన వర్ణం. దానికి సొంత అర్థం లేదు. డచ్చిలో ఇటువంటి అతుకులు ముఖ్యంగా రెండు: 'స్' ఒకటి, 'ఎన్' ఒకటి. ఇది మనకు కొత్తదేమీ కాదు. నిలువు, అద్దం కలిస్తే 'నిలువుటద్దం'. పేద, ఆలు కలిస్తే 'పేదరాలు'. టుగాగమం, రుగాగమం అని బడిలో బట్టీపట్టినవే. తెలుగు రానివాడు ఎవరైనా 'నిలువు'ను తీసివేసి 'టద్దం' అన్న మాటకోసం నిఘంటువంతా గాలించాడనుకోండి, వాడిని చూసి మనం జాలిపడతాం. నేను 'స్టెర్మెయ్న్'కోసం గాలించినప్పుడు నా పరిస్థితి సరిగ్గా అదే. చిన్ననాడు అప్పజెప్పిన ఆగమసంధి అవసరమైన నాడు నాకు గుర్తురాలేదు.

అతుకుగా వచ్చే ఆ చిన్న వర్ణం గురించి అక్కడ పెద్ద పోరాటమే జరిగింది. పెనంమీద కాల్చే మన అట్టువంటి వంటకాన్ని వారు 'పన్నెకూక్' అని రాసేవారు. 1995 నాటి సంస్కరణ మధ్యలో ఒక నకారం చేర్చి 'పన్నెన్‌కూక్' అని రాయాలన్నది. ఆ నకారాన్ని చాలామంది పలకరు. 2005లో మరికొన్ని మార్పులతో అధికారిక పదపట్టిక వచ్చి, 2006 ఆగస్టునుండి అమలులోకి వచ్చింది. కొన్ని పెద్ద పత్రికలు మాకీ నియమాలు సమ్మతం కాదని చెప్పి, 2006లోనే వెలువడిన మరొక పదపట్టికను అనుసరించాయి. అధికారిక పుస్తకం అట్టను బట్టి 'ఆకుపచ్చ పుస్తకం' అయితే, రెండవది 'తెల్ల పుస్తకం' అయింది. ఒక్క హల్లు కోసం ఇంత పట్టుదలా అనవచ్చు. తన మాటను తాను ఎలా రాసుకోవాలో తానే తేల్చుకోవాలన్న పట్టుదల అది.

ఇప్పుడు ఊనిక గురించి. తెలుగులో ఒక మాటలో ఏ అక్షరాన్ని కొంచెం గట్టిగా పలికినా అర్థం మారదు. మనకు లెక్క గురులఘువులది. డచ్చిలో అలా కాదు. ప్రతి మాటలోనూ ఒక అక్షరం తక్కినవాటికంటే పైకి లేచి వినిపిస్తుంది. సమాసంలో సాధారణంగా మొదటి పదం ఊనికను తీసుకొంటుంది. మొదటి పదంలో మళ్ళీ ఏ అక్షరమన్నది ఆ పదం సొంత అలవాటును బట్టి ఉంటుంది. 'బెరూప్' అన్నది ఒంటరిగా ఉన్నప్పుడు రెండవ అక్షరంమీద ఊనికతో పలుకుతారు కనుక సమాసంలోనూ అక్కడే పడుతుంది. టీచరుగారి రెండవ చప్పట్లోని బలం అదే. 'టెర్మెయ్న్' ఊనిక పూర్తిగా పోదు, ఒక మెట్టు కిందికి దిగుతుంది.

అర్థం సంగతి దీనికి తలకిందులు. 'బ్లూమెన్‌టాయిన్' అంటే పూలతోట, 'టాయిన్‌బ్లూమెన్' అంటే తోటపూలు. పూలతోట ఒక తోట, తోటపూలు పూలు. తత్పురుష సమాసంలో ఉత్తరపదార్థం ప్రధానమని మనం చదువుకొన్నదే. డచ్చిలోనూ చివరి పదమే వస్తువు, ముందున్నవి దాని విశేషణాలు. అంటే చెవికి మొదటి పదం ప్రధానం, బుద్ధికి చివరి పదం ప్రధానం. నేను చెవికి గట్టిగా తగిలిన 'బెరూప్'ను పట్టుకొని వేలాడాను. 'టెర్మెయ్న్' అంటే గడువు అన్నప్పుడే, ఇది గడువు, దేని గడువో ముందు తేల్చుకోవాలి అని నా న్యాయవాది బుద్ధి మేల్కొని ఉండవలసింది.

యానాంనుండి వచ్చిన పెద్దలలో ఫ్రెంచి చదివినవారు ఉన్నారు. వారికి తేడా ఇట్టే తెలుస్తుంది. ఫ్రెంచిలో ఊనిక వాక్యఖండం చివర పడుతుంది. పదాలను సాధారణంగా విభక్తి వంటి చిన్న మాటలతో కలుపుతారు, ప్రధానపదం ముందుంటుంది. పక్కపక్కనే బతికే ఆ రెండు భాషలకూ ఈ విషయంలో పోలికే లేదు.

నియమం ఉన్నచోట అపవాదం ఉంటుంది. నగర కార్యాలయ భవనాన్ని 'స్టట్‌హాయిస్' అంటారు, ఊనిక రెండవ పదంమీద. నగరపాలకుడిని 'బుర్ఖెమేస్టెర్' అంటారు, ఊనిక 'మేస్' మీద. ఇవి వాడుకలో నలిగి ఒంటరిపదాల్లా స్థిరపడినవి. వినే నేర్చుకోవాలి.

ఊనిక మారితే గోడ కూడా మారే మాట ఒకటి చెబుతాను. 'మస్సఖెబెట్' వంటి రూపంలో కనబడే ఒక రాత ఉంది. మొదటి అక్షరాన్ని ఊని 'మస్స', 'ఖెబెట్' అని చదివితే సామూహిక ప్రార్థన. రెండవ అక్షరాన్ని ఊని 'మస్సాజె', 'బెట్' అని చదివితే ఒళ్ళుపట్టే మంచం. ఒకే వరుసలో ఉన్న అవే వర్ణాలు ప్రార్థనామందిరానికీ తీసుకుపోతాయి, మర్దనశాలకూ తీసుకుపోతాయి.

న్యాయవాదిగా నన్ను మరింత ఆకట్టుకొన్నది 'వోర్కోమెన్' అనే క్రియ. 'వోర్' మీద ఊనిక పడితే జరగడం, సంభవించడం అని అర్థం. న్యాయస్థానంలో హాజరుకావడం అనే అర్థం కూడా ఉంది. 'కో' మీద ఊనిక పడితే నివారించడం, జరగకుండా చూడడం! జరగడానికీ జరగకుండా ఆపడానికీ మధ్య తేడా ఒక్క ఊనిక. అలాగే 'ఒండెర్ఖాన్' అన్నదానిలో ముందు ఊనితే సూర్యుడు అస్తమించడం, చివర ఊనితే శస్త్రచికిత్స వంటిదానికి లోనుకావడం. అంతేకాదు, ఊనిక ముందున్న ఉపపదంమీద పడితే వాక్యంలో ఆ ఉపపదం విడిపోయి చివరకు వెళ్ళి కూర్చుంటుంది. ఊనిక ధాతువుమీద పడితే అంటిపెట్టుకొని ఉంటుంది. సందేహానికి తావు ఉన్నచోట ఊనిన అచ్చుమీద ఒక చిన్న గీత పెట్టి రాయడానికి వారి లేఖననియమాలు అనుమతిస్తాయి. ఒప్పందపత్రాలు రాసేవారికి ఆ గీత విలువ తెలుస్తుంది.

గోడ దగ్గర ధ్వనులు ఎలా ప్రవర్తిస్తాయో కూడా వినదగినది. డచ్చిలో పదాంతంలో దకారం రాసినా టకారమే పలుకుతుంది. తమిళనాడునుండి వచ్చిన మనవారికి ఇది తేలిక. తమిళంలో ఒకే వర్ణం చోటును బట్టి కకారంగానో గకారంగానో వినిపించడం మనం రోజూ ఎరిగినదే. బంగారాన్ని 'ఖౌట్' అంటారు, రాతలో చివర దకారమే ఉంది. 'బంగారు' అనే విశేషణానికి 'ఖౌ-దెన్' అంటారు, అక్కడ దకారం తరువాతి అక్షరానికి వెళ్ళి దకారంగానే వినిపిస్తుంది. కాని బంగారు గనిలోని ధాతురేఖను 'ఖౌట్-ఆదెర్' అంటారు. తరువాత అచ్చు ఉన్నా అక్కడ టకారమే. నడుమ గోడ ఉంది కాబట్టి! మన సంస్కృత సంధి దీనికి ఎదురు. సత్, ఆచారం కలిస్తే 'సదాచారం'. మనం గోడ పడగొట్టి తకారాన్ని దకారం చేస్తాం, వారు గోడ నిలబెట్టి దకారాన్ని టకారం చేస్తారు.

అయితే ఒకచోట మాత్రం ఇద్దరమూ కలిశాం. జేబును 'జాక్' అంటారు, గుడ్డను 'డూక్' అంటారు. చేతిరుమాలు 'జాక్‌డూక్' కావాలి. పలికేది మాత్రం 'జాగ్‌డూక్'. వాక్, దానం కలిస్తే 'వాగ్దానం' అయినట్టే. ఎక్కడి ఆమ్‌స్టర్‌డామ్, ఎక్కడి పాణిని! మనిషి నోటి నిర్మాణం ఒక్కటే గనుక కొన్ని సంధులు ఎవరూ నేర్పకుండానే జరుగుతాయి.

ఇప్పుడు పెద్దమాట ఒకటి. పని చేయలేని స్థితికి సంబంధించిన బీమాచట్టం అక్కడ 1966లో వచ్చింది. 1967లో అమలయింది. ఆ చట్టం పేరులో ఉన్న ఒకే మాటలో 33 వర్ణాలు, 10 అక్షరాలు: ఆర్-బెయ్ట్స్-ఒన్-ఖె-స్ఖిక్ట్-హెయ్ట్స్-వెర్-జే-కె-రింగ్. చూడగానే గుండె జారుతుంది. చివరినుండి రండి. చివరి నాలుగక్షరాలు బీమా. దేని బీమా? దాని ముందున్న నాలుగు, అసమర్థత. ఎందులో అసమర్థత? మొదటి రెండు, పని. 'బెయ్ట్స్', 'హెయ్ట్స్' చివరి సకారాలు రెండూ అతుకులు. ఊనిక మొదటి 'ఆర్' మీద. ఏనుగంత మాట మూడు ముక్కలైంది. మా పెద్దాయన కాగితాల మొదటి పుటలోనే ఈ కుటుంబపు మాటలు నాలుగైదు ఉన్నాయి.

అంత పొడవు భయపెడుతుందని మధ్యలో ఖాళీ పెట్టి రాయకూడదా అంటే, రాయకూడదు. ఖాళీ పెడితే అర్థం మారుతుంది. దూరపు పరుగు పందెగాడిని తెలిపే 'లంగెఆఫ్‌స్టంట్స్‌లోపెర్' అనే మాటలో 'లంగె' తరువాత ఖాళీ పెడితే పొడుగ్గా ఉన్న పందెగాడు అవుతాడు. ఇలా అనవసరంగా ఖాళీలు పెట్టే అలవాటుకు వారు పెట్టిన ముద్దుపేరు 'ఇంగ్లీషు జబ్బు'. చదువరికి అచ్చులు ఢీకొని తికమక కలిగేచోట మాత్రం చిన్న గీత పెడతారు. సముద్రపు బాతును 'జే-ఏంట్' అని నడుమ గీతతో రాస్తారు. 1995 సంస్కరణకు ముందు అక్కడ అచ్చుమీద రెండు చుక్కలు పెట్టేవారు.

ఈ గీతలను, చుక్కలను, అతుకులను నిర్ణయించేది ఎవరన్నది మన సరిహద్దు కుటుంబాలు శ్రద్ధగా వినవలసిన విషయం. డచ్చి మాట్లాడేవారు ఒక్క దేశంలో లేరు. నెదర్లాండ్స్‌లో ఉన్నారు, బెల్జియం ఉత్తరభాగంలో ఉన్నారు, దక్షిణ అమెరికాలోని సూరినాములో ఉన్నారు. బెల్జియంలో ఆ భాషకు గౌరవం ఊరికే రాలేదు. 1831 నాటి రాజ్యాంగం ఫ్రెంచిలో వెలువడింది. చట్టాలకు డచ్చిపాఠం కూడా ఫ్రెంచితో సమానమని 1898లో చట్టం వచ్చింది. రాజ్యాంగపు డచ్చిపాఠానికే సమాన ప్రామాణ్యం రావడానికి 1967 దాకా ఆగవలసి వచ్చింది. ఇంత దూరం వచ్చినవారు, మా డచ్చి వేరు, మీ డచ్చి వేరు అనలేదు. 1864లో తొలి భాగం వెలువడి 1998లో పూర్తయిన వారి మహానిఘంటువు రెండు దేశాల పండితుల ఉమ్మడి శ్రమ. 1980లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకొని భాషాసమాఖ్యను ఏర్పరచుకొన్నాయి. 2004లో సూరినాము అనుబంధ సభ్యదేశంగా చేరింది. ఆకుపచ్చ పుస్తకం ఆ సమాఖ్యదే. దేశాల మధ్యనున్న గోడ మాట మధ్యకు రాలేదు. మాట మధ్యనున్న గోడ ఎక్కడుండాలో మాత్రం అందరూ కలిసి నిర్ణయించుకొన్నారు.

ఈ భాష మన గడపకు పూర్తిగా పరాయిదీ కాదు. 17వ శతాబ్దిలో డచ్చివారు మచిలీపట్నంలో, భీమునిపట్నంలో, పాలకొల్లులో వర్తకం నడిపారు. తిరువళ్ళూరు జిల్లా పులికాట్‌లో 1613లో కోట కట్టారు. 1825లో తమ స్థావరాలను ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్ళారు. పులికాట్‌లో, భీమునిపట్నంలో వారి సమాధిఫలకాలు నేటికీ ఉన్నాయి. 1630ల దశకంలో పులికాట్‌లో మతగురువుగా ఉన్న అబ్రహాం రొగేరియుస్ పద్మనాభుడనే బ్రాహ్మణుని సాయంతో భర్తృహరి సుభాషితాలను డచ్చిలోకి తెచ్చాడు. అవి 1651లో అచ్చయ్యాయి. సంస్కృత సమాసాలను డచ్చి సమాసాలుగా మార్చే పని మన సరిహద్దు ఊళ్ళోనే మొదలైందంటే మీరు సంతోషించవచ్చు. వారికి మన మాటను విరిచి చెప్పడానికి ఒక పద్మనాభుడు దొరికాడు. నాకు ఒక విశ్రాంత ఉపాధ్యాయిని దొరికారు.

ఆమె మిగిలిన 16 రోజులను వృథా కానివ్వలేదు. ఆ ఊరి న్యాయవాదిని చూపించారు. గడువుకు నాలుగురోజుల ముందే అప్పీలు న్యాయస్థానానికి చేరింది. తరువాత ఏమైందన్నది ఆ కుటుంబపు సొంత విషయం. వారి వాదన ఒకరు కూర్చుని విన్నారు, అంతవరకు చెబుతాను. పెద్దాయనకు నా తప్పు దాచకుండా చెప్పాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, "తెలీదని చెప్పడానికి నీకు పన్నెండు దినాలు పట్టిందా అప్పా?" అన్నారు. ఆ మాటలో విరవవలసిన సమాసమేదీ లేదు. ఊనిక ఎక్కడ పడిందో మాత్రం నాకు బాగా తెలిసింది.

మీ పిల్లలు ఏ దేశంలో ఉన్నా, ఏ రాష్ట్రపు కార్యాలయంనుండి ఏ భాషలో కాగితం వచ్చినా, ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోమని నా మనవి. పొడవాటి మాట కనబడితే ముందు గట్టిగా పలికి చప్పట్లతో లెక్కించండి. ఏ పదం ఎక్కడ ముగుస్తుందో, నడుమ అర్థంలేని అతుకు ఉందేమో చూడండి. చివరి పదం ఏమిటో తేల్చుకొన్నాకే వెనక్కు నడవండి. ఒక పదానికి రెండర్థాలున్నాయని తెలిసిన మరుక్షణం ఆ భాషలో పుట్టిపెరిగినవారిని అడగండి. కాగితంమీద తేదీ ఉంటే ఆ నాడే అడగండి.